రాజుగారికి కనిపించిన రెండో మనిషి

తుంగభద్రకు ఆవలి ఒడ్డున ఒకానొక చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ఏలే రణధీరవర్మకు విలువిద్య అంటే ప్రాణం, ద్రాక్షసారా అంటే అంతకంటే ప్రాణం.

"సారా పడితేనే మాది డేగచూపు!" అని గొప్పలు పోయేవాడు. కాదన్న సేనాపతికి కొలువు ఊడింది. అప్పటినుంచి అందరూ చిత్తం, చిత్తం అనేవారే.

ఒకనాడు విందులో పాత్ర మీద పాత్ర ఖాళీ చేసి, రాజు విల్లందుకున్నాడు. గొడుగు పట్టే ఎర్రయ్యను తోటలో నిలువెత్తు రాతిస్తంభం ముందు నిలబెట్టి, నెత్తిన దానిమ్మపండు పెట్టించాడు.

"ఒక్క బాణంతో పండు ఎగరగొడతాం, చూడండి!"

ఎర్రయ్య వణుకుతూ విదూషకుడు సింగన వైపు దీనంగా చూశాడు. వద్దంటే రాజు పంతానికి పోతాడు, ఊరుకుంటే మనిషి పోతాడు. ఏం చేయాలో తోచక సింగన రాజుగారి ముఖంకేసి చూశాడు. ఎర్రబడిన ఆ కళ్లు రెండూ ఒకచోట నిలవడం లేదు. ఒకటి ఎర్రయ్యను చూస్తుంటే రెండోది పక్కనున్న పూలపొదను చూస్తోంది!

సింగనకు ప్రాణం లేచొచ్చింది.

"ప్రభూ, చిన్న సందేహం. తమరు కొట్టేది కుడివాడి పండా, ఎడమవాడిదా?"

రాజు కళ్లు చికిలించాడు. "అవును, ఇద్దరున్నారేం? సరే, ఎడమవాడిదే కొడతాం."

"మరి కుడివాణ్ణి ఇంటికి పంపేయమంటారా?"

"పంపెయ్!"

సింగన పరుగున వెళ్లి, పండు తీసి స్తంభం మీద పెట్టి, ఎర్రయ్యను చెయ్యిపట్టి లాక్కొచ్చాడు.

"ఏమోయ్ సింగనా! ఒకణ్ణి పొమ్మంటే ఇద్దరూ పోయారేం?"

"ఏం చేయను ప్రభూ! ఇద్దరికీ ఒకటే ప్రాణం. ఒకణ్ణి కన్నది తల్లి, రెండోవాణ్ణి కన్నది తమ చేతిలోని పాత్ర."

సభ బిగుసుకుపోయింది. రాజు కోపంతో బాణం వదిలాడు. అది పండుకు జానెడు కింద, సరిగ్గా ఎర్రయ్య నుదురుండాల్సిన చోట, రాతికి తగిలి విరిగింది.

రాజు తూలుతూ వెళ్లి ఆ గాటును తడిమి చూశాడు. విల్లు కింద పెట్టేశాడు.

"తాగితే మా చూపు చెదురుతుందంటే మేం ఒప్పుకోమని తెలిసి, మా నోటితోనే చెప్పించావు కదయ్యా!" అంటూ ఫక్కున నవ్వి, మెడలోని ముత్యాలహారం తీశాడు. "ఇవిగో, ఈ రెండు హారాలూ నీకే!"

సింగన హారం అందుకుని ఎర్రయ్య మెడలో వేశాడు. "చేతికందింది వీడికి చాలు ప్రభూ. నాది మత్తు దిగాక ఇప్పిద్దురుగాని."

రాజు కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. మర్నాడు మజ్జిగ తాగి కొలువుకొచ్చి, రెండో హారం తన చేతులతోనే సింగన మెడలో వేశాడు.