కొర్లమ్మ నడిమి ముక్క

ఎప్పటి మాటో నన్నడక్కండి, సముద్రాన్నడగండి. ఊ కొడితే చెప్తాను, కునుకుతీస్తే లేచెళ్లిపోతాను.

అప్పట్లో మన పేటలో ఇంటికో వల, వలకో రకం ముడి. ఒకరి ముడి ఒకరు చూడకూడదని గోడవైపు తిరిగి అల్లుకునేవాళ్లు. ఏం గొప్పో! చేపల గుంపు వస్తే తలో చిన్న వలా వేసేవాళ్లు. చేపలు సందుల్లోంచి దర్జాగా పోయేవి.

ఆ పేటలో కొర్లమ్మ ఉండేది. పెనిమిటిని సముద్రం తీసుకుపోయింది. మిగిలింది ఇద్దరు ఆడపిల్లలు, ఒక వల ముక్క. ముక్కలో చేప పడదు. చేప పడకపోతే పొయ్యి వెలగదు. పిల్లలు ఆకలని ఏడుస్తుంటే చూడలేక బయల్దేరింది.

మొదటి ఇల్లు పైవాడ పెద్ద దానయ్యది. "బావా, వలలన్నీ కలిపి కుడదాం. చేప ఎటు పోతుందో చూద్దాం."

"మా వలలో నీ ముడి పడకూడదు," అన్నాడు దానయ్య.

రెండో ఇంటికెళ్లింది. "మా వలలో నీ ముడి పడకూడదు." కిందివాడలో మూడో ఇంటికెళ్లింది. అక్కడా అదే మాట. ఓలమ్మో, ఏం పౌరుషాలు!

ఇంతలో తుఫాను వచ్చింది. ఇంటింటి వలనీ చీల్చేసి పోయింది. తెల్లారేసరికి పేటంతా ముక్కలే.

"ఇప్పుడందరం ఒకటే అయ్యాం గదా బావా, కుడదామా?" అంది కొర్లమ్మ.

ఆకలి ముందు పౌరుషం ఎంతసేపు? కూర్చున్నారు. కూర్చుని మళ్లీ కొట్లాట. పైవాడ ముడి పక్కన కిందివాడ ముడి పడకూడదట!

"అయితే మీ నడుమ నా ముక్క పెట్టండి," అంది కొర్లమ్మ. అలాగే కుట్టారు.

ఆ వల ఒక ఇల్లు లాగితే కదల్లేదు. ఒక వాడ లాగినా కదల్లేదు. ముసలీ ముతకాతో సహా పేటంతా తాడు పట్టింది. అప్పుడు కదిలింది. ఒడ్డంతా చేపలే!

పంపకాల దగ్గర దానయ్య అన్నాడు, "పడవెక్కి వల వేసిన మగాడున్న ఇంటికే వాటా. కొర్లమ్మ ఇంట్లో మగాడేడీ?"

ఆ పిల్లలిద్దరూ ఖాళీ తట్ట పట్టుకుని నిలబడిపోయారు. ఈ మాట చెప్తుంటే నాకిప్పటికీ కోపమొస్తుంది.

కొర్లమ్మ ఏడవలేదు. "సరే బావా, నా ముక్క నాకు కోసిచ్చెయ్."

దానయ్య కత్తి తీశాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. ఆ ముక్క నట్టనడుమ ఉంది. కోస్తే వల రెండవుతుంది. రేపటి నుంచి ఎవరి ముక్క వాళ్లది, ఎవరి ఆకలి వాళ్లది. దానయ్యకి సిగ్గేసింది. కత్తిని సముద్రంలోకి విసిరేసి, ముందు కొర్లమ్మ తట్టే నింపాడు.

"తాడు పట్టిన ప్రతి చేతికీ వాటా ఉంది. పట్టలేని రోజున కూడా ఉంది," అన్నాడు.

ఆ మాట ముందు ఎవరికి అక్కరకొచ్చిందనుకున్నారు? దానయ్యకే! మరుసటేడు నడుం పడిపోయి మంచాన పడ్డాడు. అతని వాటా గుమ్మంలోకే వచ్చేది. మోసుకొచ్చేది కొర్లమ్మే.

ఆవిడ పోయి ఎన్ని తరాలైందో. ఈనాటికీ కొత్త వలకి నడిమి ముక్క మగదిక్కు లేని ఇంటివాళ్లే అల్లుతారు. తాడు లాగేటప్పుడు ఒకరు "కొర్లమ్మో!" అని కేకేస్తే, అందరూ "నడుమనున్నాదో!" అంటారు.

ఇక పంపకాల దగ్గర ఎవడైనా నాది నాదని రెచ్చిపోతే పెద్దవాళ్లు కోప్పడరు. "కత్తి తెమ్మంటావా?" అని అడుగుతారు. అంతే. వాడు నోరు మూసుకుని, ముందు పక్కవాళ్ల తట్ట నింపుతాడు.