‘సభ్యుడు’ అని రాసి ఉందట

దా తల్లీ, నా పక్కన పడుకో. ఈ కథ చెబుతుంటే మధ్యలో నాకు కోపం వస్తుంది. నువ్వు భయపడకు, అది నీ మీద కాదు.

అనగనగా ఒక మగ్గాల ఊళ్ళో భద్రావతి అని ఒకావిడ ఉండేది. మొగుడు సోమలింగం నేతగాడు. పెళ్ళైన ఆరేళ్ళకి అతనికి ఊపిరితిత్తుల జబ్బు చేసి మగ్గం గుంటలోకి దిగలేకపోయాడు. అప్పుడు భద్రావతి దిగింది. తొమ్మిదేళ్ళు నేసింది. నేసిన చేతులు ఆవిడవి, సొసైటీ పుస్తకంలో పేరు ఆయనది.

ఊరందరికీ నూలు ఇచ్చేది ఆ నేత సొసైటీయే. దాని గుమ్మం మీద ‘ఇక్కడ అందరూ సమానం’ అని ఎర్ర అక్షరాలతో రాయించారు. రాయించినవాళ్ళంతా మగవాళ్ళే.

ఆ తర్వాత సోమలింగం చనిపోయాడు. నెల తిరక్కుండానే నూలు ఆపేశారు. ఇంట్లో ఇద్దరు చిన్న ఆడపిల్లలు. అప్పుడు భద్రావతి సొసైటీకి వెళ్ళి, ప్రెసిడెంటు మార్కండేయులుతో “నన్ను సభ్యత్వంలో చేర్చుకోండి బావగారూ” అంది.

“నీకు నేత వచ్చని ఎవరు చూశారమ్మా?” అన్నాడాయన.

సరే, చూడమంది. పదిమంది మగవాళ్ళు చుట్టూ కూర్చుంటే, వాళ్ళ ముందే గుంటలో దిగి మూడు రోజుల్లో అంచు చీర దించింది. ఒక్క పోగు తప్పలేదు. వాళ్ళు తిప్పి తిప్పి చూసి, బాగుందని మడిచి బీరువాలో పెట్టుకున్నారు.

అప్పుడు రెండోసారి అడిగింది. “మీ మరిదిని రమ్మను. అతని పేరున రాస్తాం, నువ్వు నేసుకో” అన్నారు. ఆ మరిది నేత మానేసి పట్నంలో సోడాలు అమ్ముకుంటున్నాడు. పోగుని అటూ ఇటూ నడిపే నాడె చేత్తో పట్టి ఎన్నేళ్ళయిందో. అతను పనికొస్తాడట, ఈవిడ పనికిరాదట. చూశావా, ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది.

మూడోసారి అందరూ కూర్చున్న మీటింగులో నిలబడి, “రూల్సు పుస్తకంలో ఏం రాసుందో చదవండి” అంది. గుమాస్తా చదివాడు. “నేత నేసే ప్రతివాడూ సభ్యుడు కావచ్చును.”

“విన్నావుగా. సభ్యుడు అని రాసి ఉంది. సభ్యురాలు అని లేదు” అన్నాడు మార్కండేయులు. అందరూ నవ్వారు.

భద్రావతి నవ్వలేదు. “అదే పుస్తకంలో, నూలు పాడుచేసినవాడు దండన పొందును అని కూడా ఉంది. పోయినేడు నూలు చుట్టిన కండెలు తడిశాయని, వాటిని చుట్టిన వీరమ్మని పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఇదే గుమ్మంలో నిలబెట్టారు. ఆ రోజు వీరమ్మ ‘వాడు’ ఎలా అయింది?” అని అడిగింది.

నవ్వు ఆగింది. సభ్యత్వం మాత్రం ఇవ్వలేదు.

ఆ తర్వాత భద్రావతి, మనందరి పేర్లూ పుస్తకంలో ఎక్కేదాకా రాట్నం తిప్పొద్దని ఆడవాళ్ళకి చెబుతూ ఇల్లిల్లూ తిరిగింది. రాట్నం మీద కండెలు చుట్టేది ఆడవాళ్ళే. కండె లేకపోతే నాడెలో పోగుండదు, మగ్గం ఆడదు. మొదటి రోజు పది రాట్నాలు ఆగాయి. రెండోరోజు వీధంతా ఆగింది. మూడోరోజు మార్కండేయులు కన్నతల్లి కాంతమ్మ, ఎనభై ఏళ్ళ మనిషి, తన రాట్నం తీసి గోడకి ఆనించేసింది.

“నీకేమైందే అమ్మా?” అన్నాడు కొడుకు.

“నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పుడు మీ నాన్న పేరున సగం చీరలు నేసింది నేను. ఆ పుస్తకంలో నా పేరెక్కడుందో చూపించు” అంది.

ఆయన చెప్పులేసుకుని సొసైటీకి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి కబురు పంపాడు, భద్రావతి ఒక్కదానికి సభ్యత్వం ఇస్తామని.

“ఒక్కదానికైతే వద్దు” అంది భద్రావతి. ఆ మాట అన్నప్పుడు ఆవిడ ఇంట్లో గింజ లేదు తల్లీ.

ఇంకో ఐదు రోజులకి సొసైటీవాళ్ళు దిగొచ్చారు. పేర్లు రాయించుకునే ఆడవాళ్ళ వరసలో ముందు కాంతమ్మ నిలబడింది. “ఎవరి భార్య అని రాయాలి?” అన్నాడు గుమాస్తా.

“కాంతమ్మ అని రాయి. అక్కడితో ఆపు” అంది.

ఏమిటీ, వాళ్ళు తప్పు ఒప్పుకున్నారా అంటావా? లేదమ్మా. క్షమించమని ఒక్కడూ అడగలేదు. పైగా, దయతలచి మేమే ఇచ్చామని చెప్పుకు తిరిగారు. ఇచ్చారట! అందుకే, ఇన్నేళ్ళైనా నాకు చల్లారలేదు.

సరే, కళ్ళు మూసుకో.

కథ కంచికి, కునుకు కంటికి,
కోపం మాత్రం నాతోనే ఇంటికి.