దీపం పాట

రాజమండ్రిలో సంగీతం చెప్పే గౌరీపతిగారికి ఒక అలవాటుండేది. శిష్యులు ప్రశ్న వేస్తే నోటితో జవాబు చెప్పేవారు కాదు, లేచి చెప్పులు తొడుక్కునేవారు. ఆయన వెంట నడవడమే శిష్యుల పని. జవాబు దారిలో దొరికితే సరే, దొరక్కపోతే కాస్త నడిచినట్టయినా అవుతుంది.

ఒక ఉదయం కుముద వచ్చింది. కుముద పేరు మీరు విని ఉండకపోవచ్చు గాని, తల్లులారా, ఆవిడ గొంతు వినపడని ఇల్లు ఆ రోజుల్లో లేదు. "నువ్వు రావని తెలిసీ దీపం ఆర్పలేదు" అని ఒక సినిమాకి పాడింది. సినిమా వచ్చినంత తొందరగానే వెళ్ళిపోయింది, పాట ఉండిపోయింది. ఆటోల్లో అదే, పెళ్ళిపందిళ్ళలో అదే. అది విరహగీతమయ్యా, పెళ్ళిలో ఎందుకంటే వినేవాడెవడు? కచేరీలో కుముద ఎంత మంచి కీర్తన ఎత్తుకున్నా వెనక వరసల్లోంచి "దీపం, దీపం" అని కేకలు.

ఆ సాయంత్రమే గోదావరి గట్టున ఆవిడ కచేరీ. గురువుగారికి దణ్ణం పెట్టి, చాప మీద కూర్చుని, మనసులో మాట చెప్పేసింది. ఆ పాట ఎత్తుకుంటే లోపల ఏమీ పలకడం లేదట. అందుకని ఈమధ్య ఒక ఉపాయం కనిపెట్టింది. పల్లవి రాగానే మైకు జనం వైపు తిప్పేస్తుంది. వాళ్ళే పాడుకుంటారు, వాళ్ళే చప్పట్లు కొట్టుకుంటారు, తను నవ్వుతూ నిలబడుతుంది. అలా నిలబడ్డ ప్రతిసారీ లోలోపల సిగ్గుతో చచ్చిపోతోందట.

"ఆ పాట వదిలెయ్యనా గురువుగారూ, వేదికే వదిలెయ్యనా? సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చండి."

గౌరీపతిగారు చెప్పులు తొడుక్కున్నారు.

నడిచి నడిచి వేణుగోపాలస్వామి గుడికి చేరారు. శనివారం, వరస ఎంతకీ తరగడం లేదు. ముసలి అర్చకులు శేషాచార్యులుగారు ఒక్కొక్కరినీ గోత్రం అడిగి, పేరు అడిగి, స్వామికి విన్నవించి హారతిస్తున్నారు. ఉత్తరీయం చెమటకి తడిసిపోయింది. పాపం, పొద్దుట్నించీ అవే మాటలు కదా అనుకుంది కుముద.

తన వంతు వచ్చింది. ఆచార్యులుగారు ఆవిడ పేరు స్వామి ముందు పలికారు. ఎలా పలికారంటే, చిన్నపిల్లని చెయ్యిపట్టి తీసుకొచ్చి పెద్దాయనకి చూపిస్తున్నట్టు. హారతి పళ్ళెం ఆవిడ దగ్గరికొచ్చింది. కుముద హారతి కళ్ళకద్దుకుంది. ఎందుకో కళ్ళు చెమర్చాయి.

ఆవిడ వెనకాల గోకవరం అవతల్నించి వచ్చిన దంపతులున్నారు. వాళ్ళ వంతు వచ్చేసరికి కర్పూరం అయిపోవచ్చింది. ఆచార్యులుగారి వాలకం చూసి మగాయనకి జాలేసింది.

"మీరు అలిసిపోయారు అయ్యవారూ. పళ్ళెం ఇలా ఇవ్వండి, మేమే అద్దుకుని పోతాం."

"పళ్ళెం నా దగ్గరే ఉండనీ నాయనా. నువ్వు గోత్రం చెప్పు," అన్నారు ఆచార్యులుగారు. కొత్త కర్పూరం వెలిగించారు. మళ్ళీ అవే మాటలు, అదే గొంతు.

గుడి మెట్ల మీద కుముద తన సంగతి మళ్ళీ కదిపింది. గౌరీపతిగారు ఒక్కటే అడిగారు.

"ఇందాక కళ్ళకద్దుకున్నావే అమ్మాయీ, ఆ హారతి ఆచార్యులుగారికి ఇవాళ ఎన్నోదో కనుక్కున్నావా?"

ఆ మాటని ఇంటిదాకా మోసుకుపోయింది కుముద.

సాయంత్రం మామూలే, దీపం కేకలు మొదలయ్యాయి. పాట ఎత్తుకుంది. పల్లవి దగ్గరికి రాగానే చెయ్యి అలవాటుగా కదిలింది. ముందు వరసల్లో అందరూ పాడదామని నోళ్ళు తెరిచి సిద్ధంగా ఉన్నారు. వాళ్ళ మధ్య ఒక పెద్దావిడ మాత్రం కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కుముద మైకు వెనక్కి తెచ్చుకుంది. తనే పాడింది. గొప్పగా పాడిందని నేను చెప్పను, ఒకచోట గొంతు వణికింది కూడా. తెరిచిన నోళ్ళు మెల్లగా మూతపడ్డాయి. పాట అయిపోయాకే పెద్దావిడ కళ్ళు తెరిచింది.

కుముద వేదిక మెట్లు దిగి, కచేరీ వినడానికొచ్చిన గురువుగారికి దణ్ణం పెట్టింది. ఆయన చీకట్లో చెప్పులు వెతుక్కుంటున్నారు.

"పళ్ళెం చెయ్యి మారలేదు, మంచిది," అన్నారు. "రేపు ఏలూరు కచేరీలో వాళ్ళూ అదే అడుగుతారు."