ఎనభైలో ముప్పై రెండు

శిష్యులు ప్రశ్న అడిగితే మస్తాన్ ఉస్తాద్ వెంటనే బదులిచ్చేవారు కాదు. చీరాలలో పాత కంప్యూటర్లు బాగుచేసే ఆ పెద్దాయన వద్ద ఇందుమతి రెండేళ్లుగా పని నేర్చుకుంటోంది. ఒక ఉదయం ఆమె మనసులోని మాట అడిగేసింది: "మీకు తెలిసినదంతా ఒక్కసారే చెప్పేయరేం, ఉస్తాద్ గారూ? నేనంత మొద్దునా?"

ఆయన నవ్వి చేతిలోని పనిలో పడ్డారు. అంతలో నేతపని చేసే నాగరత్నమ్మ తన పాత కంప్యూటరును పసిబిడ్డలా పొదివి పట్టుకొని లోపలికి వచ్చింది. నిరుడు పోయిన ఆమె భర్త గీసిన చీర అంచుల నమూనాలన్నీ అందులోనే ఉన్నాయి. వాటిని తెరిచే ప్రోగ్రాము ఆ మిషన్‌ మీద తప్ప నడవదు. ఇప్పుడు లోపలి డిస్కు టిక్కుటిక్కుమంటోంది.

"నలభై ఒక్కటి గీశాడు తల్లీ. కాగితం మీద ఒక్కటీ లేదు. ఇవి పోతే మగ్గం మీదికి ఏం ఎక్కించను?"

"ఈ డిస్కు ఇంకెన్నిసార్లు తిరుగుతుందో తెలియదు. నమూనాలన్నీ వేరే డిస్కులోకి మార్చాలి, చూసి చెయ్యి," అని ఉస్తాద్ పని ఇందుమతికి అప్పగించారు.

ఆ కాలపు తక్కువ జీబీల డిస్కులు బజారులో దొరకడం లేదు. ఇందుమతి ఎనభై జీబీల కొత్త డిస్కును పాతదాని పక్కనే తగిలించి మీట నొక్కింది. మిషన్ పాత డిస్కు పేరు చదివింది, కొత్తదాని దగ్గరకు వచ్చి బిగుసుకుపోయింది. పాతది మాత్రం కొట్టుకుంటూనే ఉంది. ఆమె ఆపి, తీగలు సరిచూసి, మళ్లీ నొక్కింది. అదే తీరు. మూడోసారి ఆ టిక్కుటిక్కు కాస్తా ఇనుమును గీకినట్టు మారింది. వెనుక ఏదో గొణుక్కుంటున్న నాగరత్నమ్మ బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది.

"ఆపు," అన్నారు ఉస్తాద్. ముందుగా పాత డిస్కు తీగలు ఊడదీశారు. "కొత్తదాన్ని ఒంటరిగా లేపి చూడాలమ్మా. చావబోయేదాన్ని మాటిమాటికీ ఎందుకు లేపుతావు?"

తరువాత కొత్త డిస్కు వెనుక రెండు సూదుల మీద బియ్యపుగింజంత తొడుగు బిగించారు. "ఈ పాత మిషన్‌కు ముప్పై రెండు జీబీలకు మించి లెక్క తెలియదు. ఇక ఈ డిస్కు తన ఎనభై జీబీల పెద్దరికం చెప్పుకోదు."

మీట నొక్కగానే తెరపై ముప్పై రెండు జీబీలని కనిపించింది. ఈసారి మిషన్ బిగుసుకుపోలేదు.

అప్పుడు పాతదాన్ని కడసారి తగిలించారు. ఒక్కో నమూనా కొత్తదానిలోకి దాటుతుంటే ఇందుమతి లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిది వచ్చాయి. తరువాతిది సగంలో ఉండగా పాత డిస్కు ఆగిపోయింది.

నాగరత్నమ్మ తెర మీది పేర్లన్నీ వేలితో ఒక్కొక్కటే తడిమింది. "హంసల అంచు లేదే," అంది మెల్లగా. మిగిలినవి ఉన్నాయిగా అని తనకు తానే చెప్పుకొని, పైటచెంగు నోటికి అడ్డుపెట్టుకుంది.

ఇందుమతి తలెత్తలేకపోయింది. మూత మరలు బిగిస్తూ, ఏదో ఒకటి అనాలని అంది: "ఎనభైలో ముప్పై రెండే కనిపిస్తోంది. మిగిలినదంతా వృథాయేగా, ఉస్తాద్ గారూ?"

"మిగిలినది ఎక్కడికీ పోలేదు, లోపలే ఉంది," అన్నారు ఆయన. "మొదటి మూడుసార్లూ ఈ డిస్కు తనదంతా ఒక్కసారే చెప్పేసింది, అమ్మాయీ. మిషన్ ఏమయిందో చూశావుగా."