గురువుగారి ఎడమ సీటు

ఇంజిను గొంతు విని దాని జబ్బు చెప్పడంలో సాలూరు మొత్తానికి నన్ను మించినవాడు లేడు. ఈ మాట చాలామంది అన్నారని రాద్దామనుకున్నాను గాని, తీరా ఆలోచిస్తే అన్నవాణ్ణి నేనొక్కణ్ణే. అన్నప్పుడల్లా మా గురువుగారు చిన్నంనాయుడు మేస్త్రికి దగ్గు వచ్చేది. లారీల షెడ్లు వరసగా ఉన్న మా రోడ్డులో పాతకార్లను పట్టించుకునే షెడ్డు ఆయనదొక్కటే. ఆయన పద్ధతి వేరు. బండి రాగానే బానెట్ ఎత్తరు. నన్ను స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి, తాను ఎడమ సీట్లో కళ్ళు మూసుకుని, "పోనీ" అంటారు. కొంతదూరం వెళ్ళాక ఒక ముక్క చెబుతారు. జబ్బు అదే అయి ఉంటుంది. ఆయన ఎడమ సీటు తప్ప ఎక్కరని రోడ్డులో అందరికీ తెలుసు. పెద్దరికం కాబోలని మేమూ సరిపెట్టుకున్నాం.

ఒక ఉదయం ఉండబట్టలేక అడిగేశాను. "గురువుగారూ, ఇద్దరం ఒకే బండిలో కూర్చుంటున్నాం. పైగా కుర్ర చెవులు నావి. మీకు వినబడేది నాకెందుకు వినబడదు?"

"దానియేలు బండి వస్తంది, చూడు," అన్నారాయన.

దానియేలుది ఘాట్ రోడ్డు పైన కొండ మీది ఊరు. అతని భార్య రూతమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు కిందికి తెచ్చి, మా ఊరి ఆసుపత్రిలో మిషను మీద రక్తం శుభ్రం చేయించాలి. బస్సు కుదుపులు ఆవిడ తట్టుకోలేదు. అందుకని దానియేలు తండ్రి కొన్న పాత అంబాసిడరే ఆవిడకు దిక్కు. ఇంజిను చుట్టూ నీళ్ళు తిప్పి దాన్ని చల్లగా ఉంచే వాటర్ పంపు ఆ మధ్య అరిగిపోతే, కొత్తది నేనే వేశాను. కొద్దిరోజులకే అది గరగరమని, నీళ్ళు కార్చి, ఇంజిను కాగిపోయింది. ఇంకొకటి వేశాను. అదీ అదే దారి పట్టింది. రెండుసార్లూ ఇంటికి తిరిగి వెళుతుంటే ఘాట్ ఎక్కేటప్పుడే ఆగింది. మిషను మీంచి లేచిన మనిషి, బండి చల్లారేదాకా ఎండలో తూము గట్టు మీద కూర్చుంది.

ఆ ఉదయం దానియేలు ఆవిణ్ణి ఆసుపత్రిలో దింపి, దారిపొడుగునా నీళ్ళు కార్చుకుంటూ షెడ్డుకు వచ్చాడు. చేతిలో తువ్వాల్లో చుట్టిన మూడో పంపు ఉంది. చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు పట్టుకున్నాడు.

"బారసాల చేసీమంటావా, దానియేలన్నా?" అన్నాను.

"ముందు బతకనీరా, గౌరీశూ," అని, గురువుగారి వైపు తిరిగాడు. "మా రూతు మరి రానంటంది, మేస్త్రిగారూ. ఈ ఒక్కపాలికీ వచ్చినాది. 'ఇంకోసారి నన్ను ఆ తూము కాడ కూకోబెట్టినావంటే, మరి ఇంటికాడే ఉండిపోతాను' అంది. ఉండిపోడమంటే ఏటో మీకు తెలుసు కదా."

నాకు నవ్వు ఆగిపోయింది. అయినా నోరు ఊరుకోలేదు. తప్పు పంపులు అమ్మినవాడిదే అన్నాను. మూడూ మూడు కొట్లలో కొన్నవని దానియేలు చెప్పాడు. నీళ్ళల్లో తుప్పు ఉందన్నాను. గురువుగారు రేడియేటరు మూత తీసి నాకే చూపించారు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. "బిగించు," అన్నారు.

ఒళ్ళు దగ్గర పెట్టుకుని బిగించాను. పంపుకూ ఇంజినుకూ మధ్య అంటుకున్న పాత గాస్కెట్ పొట్టంతా గీకాను. బెల్టును బొటనవేలితో నొక్కి చూసుకున్నాను. ఇంజిను నడుపుతూ, బుడగలు రావడం మానేదాకా నీళ్ళు పోశాను. ఆఖరున ఫ్యాను. ఆ బండిలో ఫ్యాను పంపు మూతికే బిగుస్తుంది. దాని రెక్క ఒకటి ఎప్పుడో విరిగితే దానియేలు ఒడిశా వైపు వెల్డింగు చేయించాడు. వెన్న పూసినట్టుండే అతుకు, పైన పెయింటు. విప్పిన ప్రతిసారీ దాన్ని గుడ్డతో తుడిచి, మెచ్చుకుని, మళ్ళీ కొత్త పంపుకు తగిలించేవాణ్ణి. ఈసారీ అంతే చేశాను.

"పోనీ," అన్నారు గురువుగారు, ఎడమ సీట్లో సర్దుకుని.

ఆసారి చెవులు రిక్కించి తోలాను. ఊరు దాటాం. మా ముందు బొగ్గు లారీ వెళుతుంటే, గేరు తగ్గించి, ఇంజినుకు ఊపు ఇచ్చి దాటేశాను. కొండ మొదట్లో "ఆపు," అన్నారు.

"ఏటి వినబడింది?"

"ఏమీ లేదు గురువుగారూ. చక్కగా ఉంది."

"లారీని దాటేటప్పుడో?"

"అప్పుడు లారీని చూస్తున్నాను."

"ఊఁ," అన్నారు. "నా అరికాళ్ళ కింద ఏదో కొట్టుకుంటంది. షెడ్డుకు పోనీ."

షెడ్డులో ఫ్యాను విప్పించి, నడిమి కన్నంలోకి స్క్రూడ్రైవరు దూర్చి పట్టుకోమన్నారు. వేలితో తిప్పారు. ఫ్యాను తిరిగి తిరిగి, అటూ ఇటూ ఊగి ఆగింది. అతుకు వేసిన రెక్క కిందికి వచ్చింది. మళ్ళీ తిప్పారు. మళ్ళీ అదే రెక్క. నేను తిప్పాను, నా మీద జాలిపడి ఇంకో రెక్క వస్తుందేమోనని. రాలేదు.

"పంపు రోగిష్టిది కాదురా," అన్నారు గురువుగారు. "దీన్ని మోస్తంది, అంతే."

"మంచి వెల్డరే చేసినాడండీ," అన్నాడు దానియేలు, చిన్నబోయి.

"చెయ్యి మంచిదే, బాబూ. అతుకు బరువెక్కువయినాది. ఆ ఊపుకే పంపు అరిగిపోతంది."

అతుకును అరగదీస్తానన్నాను. ఘాట్లో రెక్క ఊడి రేడియేటరును చీల్చేస్తుందని ఆయన వద్దన్నారు. అంబాసిడరు ఫ్యాను ఆ రోడ్డులో ఇంకొకటే ఉంది. మా షెడ్డు వెనక ఏళ్ళ తరబడి పడి ఉన్న చచ్చిన బండిలో. ఆ బండి ఇంజిను మీద గురువుగారింటి కోడి పొదుగుతోంది. నేను బానెట్ ఎత్తగానే ముందు అది నా చెయ్యి పొడిచి, తర్వాత తన అభిప్రాయం చెప్పింది. ఫ్యానును పట్టుకున్న బోల్టులు తుప్పుతో ఒకే ముద్దయిపోయాయి. కిరసనాయిలు పోశాను, సుత్తితో తట్టాను, స్పానరుకు పైపు తొడిగి ఒళ్ళంతా వేసి లాగాను. ఒక్కొక్కటీ కీచుమంటూ కదిలింది. ఆఖరి బోల్టు తల గుండ్రంగా అరిగిపోయింది. రూతమ్మ మధ్యాహ్నానికి మిషను దిగుతుంది. దానియేలు ఆసుపత్రి వైపు చూస్తాడు, నా వైపు చూస్తాడు. ఆ చూపు కోడి పొడిచినదానికంటే ఎక్కువ నొప్పి పెట్టింది. ఉలి తెచ్చుకుని ఆ తలను చెక్కడం మొదలుపెట్టాను. వేళ్ళు చితికాయి, అన్నానికి పిలిస్తే పోలేదు. అది తెగేదాకా అక్కణ్ణుంచి లేవకూడదనుకున్నాను, లేవలేదు. నేను నోరు మూసుకుని పనిచేసిన రోజు అదొక్కటేనని గురువుగారు ఇప్పటికీ చెబుతారు.

తెచ్చిన ఫ్యానును కూడా స్క్రూడ్రైవరు మీద తిప్పి చూశాం. ఒకసారి ఒక రెక్క కిందికి వచ్చింది, ఇంకోసారి ఇంకొకటి. దాన్నే బిగించాను.

సాయంత్రం అందరం బయల్దేరాం. నేను స్టీరింగు దగ్గర, గురువుగారు ఎడమ పక్కన, వెనక సీట్లో దానియేలు తొడమీద తల పెట్టుకుని రూతమ్మ. ఘాట్ మొదలయింది. వేడి చూపే ముల్లు సగం దాకా వచ్చి నిలబడింది. మలుపు తర్వాత మలుపు వచ్చింది గాని, అది మాత్రం కదల్లేదు.

చాలాసేపటికి వెనకనుంచి రూతమ్మ, "తూము వచ్చినాదేటి?" అని అడిగింది.

"ఎప్పుడో దాటీసేం," అన్నాడు దానియేలు.

ఆవిడ లేచి కూర్చుని, అద్దం దించి, బయటికి చూసింది. "మళ్ళీ గురువారం కదూ?" అంది. దానియేలు ఔనన్నాడు. ఆ తర్వాత ముక్కు చీదుకోవడానికి తువ్వాలు వెతుక్కున్నాడు. అది విప్పేసిన పాత పంపుతో పాటు షెడ్డులోనే మిగిలిపోయింది.

కొండపైకి చేరి, ఒక టీ కొట్టు దగ్గర ఆగాం. అక్కణ్ణుంచి వాళ్ళ ఊరిదాకా చదును రోడ్డు. దానియేలు నా చేతులు చూసి, "ఈడి వేళ్ళు వాసిపోనాయి. ఇక్కణ్ణుంచి మీరు తోలండి మేస్త్రిగారూ, మీ చేతిమీదుగా మా ఇంటికి చేర్చండి," అని తాళం ఆయన చేతిలో పెట్టాడు.

గురువుగారు తాళం వంక చూశారు. దాన్ని ఇటు తిప్పారు, అటు తిప్పారు. టీ గ్లాసు బానెట్ మీద పెట్టారు. ఆయన చెవులు ఎర్రబడడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. నన్ను పక్కకు పిలిచి, తాళం నా జేబులో వేసి, రూతమ్మకు వినబడకుండా అన్నారు.

"నాకు బండి తోలడం రాదురా. కుర్రతనంలో ఒకసారి స్టీరింగు కాడ కూచున్నాను. రోడ్డు బాగానే కనబడింది. ఇంజినే వినబడ్లేదు. దిగిపోయాను."