లచ్చుంనాయుడి లక్క ముద్ర

మొగలిదిబ్బ అనే ఉప్పుమడుల ఊళ్లో, సముద్రాన్నైనా నమ్మేవాడు గానీ ఇంకో మనిషి చేతిని మాత్రం నమ్మని లచ్చుంనాయుడు ఉండేవాడు.

"నేను చేసినట్టు ఎవరు చేస్తారు?" అనేవాడు. ముప్పై ఏళ్లుగా ఉప్పు గీకుతున్న కూలీల పక్కన నిలబడి వాళ్లకు గీకడం నేర్పేవాడు. భార్య పైడమ్మ చేపల పులుసు పెడుతుంటే గరిటె లాక్కుని తిప్పేవాడు. ఒకసారి పెళ్లికి వెళ్లి, వాయించేవాడి డోలు తాళ్లు కూడా తనే బిగించి వచ్చాడు. ఆ పెళ్లిలో డోలు మళ్లీ మోగలేదు. అది వేరే సంగతి.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎండాకాలం పండిన ఉప్పును మడి గట్టున రాశి పోసేవారు. రాశి చుట్టూ కర్రలు పాతి, తాటినార తాడు బిగించి, ముడి మీద లక్క కరిగించి యజమాని తన ముద్ర వేసేవాడు. ఆ ముద్రను ఇంకెవరు విప్పినా, మంచికే విప్పినా సరే, ఊరు వాళ్లను దొంగలనే అనేది.

మరి యజమాని మంచాన పడితే ఎలా? దానికీ ఒక దారి పెట్టారు. దాని పేరు మారుముద్ర. ఎవరైనా సరే, తనకు నమ్మకమైన మనిషిని చావడికి తీసుకెళ్లి, పెద్దల ముందు పేరు చెప్పి రెండో ముద్ర ఇవ్వొచ్చు. యజమాని తెలివితో తిరుగుతున్నన్నాళ్లూ అది పెట్టెలోనే పడి ఉంటుంది. ఆయన మాట పడిపోయిన రోజునే అది చెల్లుతుంది. ఇచ్చే ముందు పెద్దలు మూడు ప్రశ్నలు అడిగేవారు. నువ్వెవరు? ఈ మనిషి ఎవరు? ఏం ఇస్తున్నావు? మూడింటికీ సరిగ్గా చెబితేనే ఇచ్చినట్టు. తెలిసి ఇస్తున్నాడా, ఎవరైనా వెనక నుంచి తోస్తే ఇస్తున్నాడా అని తేల్చుకోవడానికి అదొక పద్ధతి.

ఒక ఏడు ఎండలు ముదరకముందే ఊరి పెద్ద గవరయ్య తాత నాయుడి మడి దగ్గరకు వచ్చాడు.

"ఒరే నాయుడూ, ఊళ్లో అందరూ మారుముద్ర ఇచ్చేశారు. నువ్వొక్కడివే మిగిలావు. చావడికొచ్చి పైడమ్మ పేరు చెప్పరా, పూట పని."

"నేను బతికుండగా నాకు మారు ఎందుకు తాతా?"

"చచ్చాక ఏం చేసుకుంటావురా? బతికుండగానే కదా దాంతో పని!"

"ఇవాళ ముద్ర ఇస్తే రేపు నా ఉప్పు మీద నాకే మాట ఉండదు."

"నీకు మాట ఉన్నంత కాలం నీదే మాట. ఎన్నిసార్లు చెప్పాలి?"

పైడమ్మ కల్పించుకుంది. "పోనీ నా పేరొద్దయ్యా. నీ తమ్ముడి పేరు చెప్పు. నీ చెల్లెలి పేరు చెప్పు. ఎవరో ఒకరి పేరు చెప్పు."

"వాడికి ముద్ర తిన్నగా వెయ్యడం రాదు. దానికి మంచి ఉప్పేదో మట్టి ఉప్పేదో తెలీదు. నీకు తొందరెక్కువ. ఈ రాశి ఎత్తాక చూద్దాంలే," అన్నాడు లచ్చుంనాయుడు.

ఆ 'చూద్దాంలే'కి అప్పటికి పదకొండేళ్లు.

జ్యేష్ఠ మాసం వచ్చింది. ఆ ఏడు రాశి ఎన్నడూ లేనంత ఎత్తుకు లేచింది. ఆ ఇంటికి ఏడాది తిండి అదే. లచ్చుంనాయుడు ముడి మీద ముద్ర వేసి, ముచ్చట తీరక తలగుడ్డ కూడా లేకుండా మిట్టమధ్యాహ్నం రాశి చుట్టూ ఏడుసార్లు తిరిగాడు. ఎనిమిదోసారి తిరగబోతూ వడదెబ్బ కొట్టి పడిపోయాడు. ఇంటికి మోసుకొచ్చారు. ఒళ్లు కాలిపోతోంది. నోటికొచ్చినట్టు మాట్లాడుతున్నాడు.

మూడో రోజుకు సముద్రం మీద మబ్బు పట్టింది. రాశులు మెరక మీద పైకప్పున్న కొఠారుకు చేర్చాలని ఊరంతా తట్టలు పట్టుకుని పరుగెత్తింది. పక్క మడి జోగులు తన ఉప్పు చేర్చేసి, పదిమందిని వెంటబెట్టుకుని నాయుడి గుమ్మంలోకి వచ్చాడు.

"వదినా, ముడి విప్పించు. గంటలో ఎత్తేస్తాం."

విప్పే హక్కు పైడమ్మకు లేదు. ఆమె గవరయ్య తాత దగ్గరకు పరుగెత్తింది. తాత పెద్దలను తీసుకుని ఆగమేఘాల మీద వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"నాయుడూ, ఇటు చూడరా. నువ్వెవరు?"

"ఓడ సరంగుని," అన్నాడు లచ్చుంనాయుడు.

"ఈమె ఎవరు?"

"మా మేనత్త."

తాత గొంతు తగ్గింది. "ఈమెకు ఏం ఇస్తున్నావు?"

"రెండు రొయ్యలు. పెద్దవి నావి."

ఎవరూ నవ్వలేదు. గవరయ్య తాత కర్ర పట్టుకుని లేచాడు. "తెలివి లేని మనిషి ఇచ్చింది ఇచ్చినట్టు కాదమ్మా. నేను ఒప్పుకుంటే రేపు జ్వరమొచ్చిన ప్రతివాడి మంచం చుట్టూ జనం మూగుతారు."

పెద్దలు వెళ్లాక జోగులు దగ్గరకు జరిగాడు. "వదినా, ముద్ర అన్న మొలతాడుకే ఉంది. అన్న చేతిలో పెట్టి, ఆ చెయ్యి పట్టుకుని కొత్త లక్క మీద నొక్కేద్దాం. ఉప్పు ఎత్తాక ఆ లక్క ముడికి అంటించి, మధ్యలో తెలివొచ్చి అన్నే విప్పించాడంటే ఎవరు కాదంటారు?"

పైడమ్మ మొలతాడు నుంచి ముద్ర విప్పింది. భర్త చేతిలో పెట్టింది. ఆయన వేళ్లు మూసింది. బయట ఉరిమింది. ఆమె ఆ చేతిని కాసేపు అలాగే పట్టుకుని, తర్వాత మెల్లగా మంచం మీద పెట్టేసింది.

"నువ్వు ఇలా పడి ఉన్నప్పుడు నీ చెయ్యి పట్టుకుని నీ రాశి ఎవరైనా విప్పితే ఊరుకుంటావా జోగులూ?"

జోగులు తట్ట నేల మీద పెట్టి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

వాన మొదలైంది. భోజనాల వేళకు రాశి ఏనుగంత ఉంది. పొద్దు వాలేసరికి మేకంత అయింది. దీపాలు పెట్టేవేళకు అదీ లేదు.

పది రోజులకు లచ్చుంనాయుడికి జ్వరం దిగింది. కాళ్లు నిలబడగానే మడికి వెళ్లాడు. ముందుగా ముడి చూసుకున్నాడు. కర్రలు పాతినవి పాతినట్టే ఉన్నాయి. తాడు బిగుతుగానే ఉంది. లక్క మీద ముద్ర గీత కూడా చెదరలేదు. "భేష్" అనుకున్నాడు. ఆ తర్వాత తల ఎత్తి తాడు లోపలికి చూశాడు. బురద నేల తప్ప ఏమీ కనపడలేదు.

"ఊరంతా ఉండి, ఈ ముడి విప్పడానికి ఒక్క చెయ్యి లేకపోయిందా?" అని అరిచాడు.

"ఇరవై చేతులు వచ్చాయన్నా. నువ్వు చెప్పి పెట్టిన పేరు ఒక్కటి లేదు," అన్నాడు జోగులు. మంచం దగ్గర జరిగింది కూడా దాచకుండా చెప్పాడు.

లచ్చుంనాయుడు వంగి, ఆ ముడి తనే విప్పాడు.

ఆ ఏడు మొగుడూ పెళ్లాలు ఇతరుల వలలు లాగి బతికారు. సొంత మడులున్న ఇంట్లో కూరలోకి ఉప్పు జోగులు ఇంటి నుంచి వచ్చేది. జోగులు పెట్టిన ఉప్పులో మట్టి ఉన్నా లచ్చుంనాయుడు కిక్కురుమనలేదు.

అయితే చావడికి వెళ్లడానికి మాత్రం ఆయన మళ్లీ ఎండాకాలం దాకా ఆగలేదు. మడి చూసి వచ్చిన మర్నాడే, పైడమ్మ భుజం పట్టుకుని తూలుతూ వెళ్లాడు.

"నువ్వెవరు?" అడిగాడు గవరయ్య తాత.

"లచ్చుంనాయుణ్ణి. రాశి పోగొట్టుకున్నవాణ్ణి."

"ఈమె ఎవరు?"

"నా భార్య పైడమ్మ. ముద్ర నా చేతిలో పెట్టి కూడా, నాకు తెలియకుండా నా ముడి విప్పనిది."

"ఏం ఇస్తున్నావు?"

"నేను మాట్లాడలేని రోజున నా మాట."

తాత రెండో ముద్ర పైడమ్మకు అందించాడు. ఆమె వెంటనే తీసుకోలేదు. "ఎప్పుడు ఎత్తాలి, ఎవరికి అమ్మాలి, ఎవరికి అమ్మకూడదు, అన్నీ ఇప్పుడే చెప్పయ్యా. నీ మనసులో ఉన్నది రేపు నేను ఊహించుకుని చెయ్యలేను," అంది.

లచ్చుంనాయుడు చెప్పడం మొదలుపెట్టాడు. పెద్దలు భోజనాలకు లేచి వెళ్లి, తిని తిరిగి వచ్చినా ఇంకా చెబుతూనే ఉన్నాడు. పైడమ్మ అన్నీ విని, అర్థం కానివి మళ్లీ అడిగి, అప్పుడు ముద్ర తీసుకుంది.

మనం మాట్లాడలేని రోజున మన తరఫున ఎవరు మాట్లాడాలో, మన తెలివి మన దగ్గర ఉన్నప్పుడే మనమే ఎంచి చెప్పి పెట్టుకోవాలి. ఆ రోజు వచ్చాక మనవాళ్లు ఎంత మంచివాళ్లైనా మనకు సాయపడలేరు.