కరివాగు మీద మూడో వంతెన

అనగనగా, కొండలు ఇంకా ఒకదాన్నొకటి పలకరించుకునే రోజుల్లో, కరివాగు ఒడ్డున ఒక చిన్న రాజ్యం ఉండేది. వాగుకు ఇటు ఇళ్ళు, అటు పొలాలు. వానలు పడితే వాగు నల్లగా పొంగేది. దాటబోయినవాళ్ళలో కొందరు తిరిగొచ్చేవారు కారు.

రాజుగారు రాతి వంతెన కట్టించారు. కూలింది. మళ్ళీ కట్టించారు. అదీ కూలింది.

ఆ రాజ్యంలో రెండు కట్టుబాట్లుండేవి. కమాను కట్టేటప్పుడు రాళ్ళ బరువు మోయడానికి కింద దుంగలు నిలబెడతారు కదా, ఆ దుంగలు తీసేవేళ కట్టిన మేస్త్రి కమాను కిందే నిలబడాలి. ఇది ఒకటి. కూలిన వంతెన మాట ఎవరూ ఎత్తకూడదు, ఎత్తితే వాగుకు మళ్ళీ ఆకలి పుడుతుంది. ఇది రెండోది. ఎత్తినవాడి నాలుక కోయించేవారు.

మూడోసారి వంతెన కట్టమని ఇచ్చే తాంబూలం మేస్త్రి తిప్పోజు చేతికొచ్చింది. పెళ్ళై ఏడాది కూడా కాలేదు. భార్య నీలమ్మ కడుపుతో ఉంది. తిప్పోజు వాగు దగ్గరికి వెళ్ళి చూస్తే, నీళ్ళలోంచి పాత రాళ్ళు విరిగిన పళ్ళలా పైకి కనబడ్డాయి. ఆ వంతెనలు ఎందుకు కూలాయో ఎవరిని చాటుగా అడిగినా మొహం తిప్పుకున్నారు. ఆనాడు దుంగలు తీసిన వడ్రంగి మల్లోజైతే అతన్ని చూడగానే దొడ్డిదారిన వెళ్ళిపోయాడు.

తిప్పోజుకు అన్నం సయించలేదు. నీలమ్మ కంచం ముందుకు జరిపింది.

"చావుకి భయపడుతున్నావా మామా, మాటకి భయపడుతున్నావా?"

"రెండింటికీనే."

"అయితే ముందు చిన్నదాన్ని దాటు."

మొదటి వంతెన కట్టి దాని కిందే పోయిన మేస్త్రి భార్య చెన్నమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె తలుపు మూసేసింది. చాలాసేపటికి ఆ మూసిన తలుపు వెనక నుంచే గొంతు వినబడింది. పునాది గుంట తవ్వేటప్పుడు తను సద్ది తీసుకెళ్ళిందట. అడుగున బండ తగల్లేదట, తడి ఇసకే ఉందట.

"ఈ లోతు చాల్లే అన్నాడు మా ఇంటాయన. అంతే నాయనా, ఇంక పో."

ఆమె మాట ముగిసీ ముగియకముందే ఎగువన ఉరుము వినబడింది. వాగుకు ఆకలి పుట్టిందేమో అనుకున్నాడు తిప్పోజు. అయినా నడిచాడు.

రెండో వంతెన కట్టిన కంచోజు కాలు పోగొట్టుకుని, ఊరవతల మేకలు కాసుకుంటున్నాడు. అతను చుట్టూ చూసి నవ్వాడు.

"నా కాలు ఆ వాగులోనే ఉంది. కనబడితే అడిగానని చెప్పు." ఆ తర్వాత నవ్వు పోయింది. "మబ్బు చూసి తొందరపడ్డానురా అబ్బాయ్. సున్నం ఇంకా పచ్చిగా ఉండగానే దుంగలు తీయమన్నాను."

తిప్పోజు బండ తగిలేదాకా తవ్వించాడు. రాజభటులు వచ్చి కసిరినా, సున్నం రాయిలా బిగిసేదాకా ఆగాడు. ఊళ్ళోవాళ్ళు మాత్రం, కూలినవాటి గురించి అడిగినవాడని, అతని నీడ పడితే పక్కకు తప్పుకునేవారు.

దుంగలు తీసే రోజు రానే వచ్చింది. డప్పులు మోగాయి, రాజుగారు వచ్చి ఒడ్డున కూర్చున్నారు. తిప్పోజు కమాను కింద నిలబడ్డాడు. తల మీద అంత రాయి, మబ్బంత నల్లగా. మల్లోజు సుత్తి ఎత్తాడు. ఎత్తి, కొట్టకుండా కమాను అవతలి కొసకేసి చూశాడు. ఆ చూపు తిప్పోజు కనిపెట్టాడు. ఈ ముసలాయనకు ఇంకేదో తెలుసు.

"పెద్దయ్యా, ఆ రెండుసార్లూ దుంగలు ఎటునుంచి తీశావు?"

డప్పులు ఆగిపోయాయి. భటులు కత్తుల మీద చేతులు వేశారు. మల్లోజు రాజుగారి వైపు చూశాడు, తిప్పోజు వైపు చూశాడు. సుత్తి కింద పెట్టాడు.

"ఈ ఒడ్డునుంచే. రెండుసార్లూ కమాను అటు ఒరగడం చూశాను. నాలుక పోతుందని చెప్పలేదు. నన్నేం చేసుకుంటారో చేసుకోండి."

రాజుగారు లేచి నిలబడ్డారు. జనం వాగు వైపు భయంగా చూశారు. అప్పుడు నీలమ్మ నిండు కడుపుతో మెల్లగా నడిచొచ్చి, మొగుడి పక్కన నిలబడింది.

"మాటకే కూలేదైతే ఇప్పుడే కూలాలి ప్రభూ. మేమిద్దరం దాని కిందే ఉన్నాం."

వాగు గలగలమంది. ఒక్క రాయీ కదల్లేదు.

రాజుగారు మెల్లగా కూర్చున్నారు. "కానివ్వండి" అన్నారు.

ఒక పక్క నుంచి తీస్తే బరువంతా రెండో పక్కకు ఒరుగుతుందని, నడిమి నుంచి మొదలుపెట్టి రెండు వైపులా సమంగా, కొంచెం కొంచెంగా వదులు చేయమన్నాడు తిప్పోజు. మల్లోజు అలాగే చేశాడు. చివరి దుంగ పడింది. పైన రాళ్ళు మూలిగాయి. నీలమ్మ జుట్టు మీద సున్నపు పొడి రాలింది. తిప్పోజు కళ్ళు మూసుకుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

కళ్ళు తెరిచేసరికి కమాను అలాగే ఉంది. దాని కిందనుంచి ఆకాశం కనబడుతోంది.

అప్పుడు గుంపులోంచి చెన్నమ్మ ముందుకొచ్చింది. ఏనాడూ మొగుడి పేరు పలకని మనిషి, అందరికీ వినబడేలా చెప్పింది.

"మొదటి వంతెన కట్టింది నా మగడు లింగోజు. ఇసక మీద కట్టాడు. మీరు అలా కట్టకండి."

ఆనాటి నుంచి ఆ రాజ్యంలో ఏది కట్టబోయినా, ముందు అందరూ కూర్చుని అంతకుముందుది ఎలా కూలిందో చెప్పుకునేవారు. ఆ తర్వాతే తాంబూలం ఇచ్చేవారు.

కూలినదాని గురించి దాచకుండా చెప్పుకునేవాళ్ళే, కలకాలం నిలిచేదాన్ని కట్టగలరు.